ఇల్లు ఒక ఊళ్లో.. డ్యూటీ వెయ్యి మైళ్ల అవతల! ఫోన్ మోగితే రెండు గంటల్లో కాక్‌పిట్‌లో ఉండాలి.. రిజర్వ్ పైలట్ల లైఫ్ ఇలా ఉంటుంది

గేటు దగ్గర లైన్‌లో నిలబడ్డారు. విమానం కళ్ల ముందే ఉంది. లగేజీ కూడా ఎక్కించేశారు. అంతలో మైక్‌లో అనౌన్స్‌మెంట్.. "పైలట్ కోసం వెయిట్ చేస్తున్నాం, కాస్త ఓపిక పట్టండి." అందరికీ చిరాకు. "ముందే చూసుకోవచ్చు కదా!" అని విసుక్కుంటాం.

సరిగ్గా ఆ టైమ్‌లోనే ఎక్కడో ఒకచోట ఒక ఫోన్ మోగుతుంది. అవతల ఎయిర్‌లైన్ షెడ్యూలింగ్ ఆఫీస్, ఇవతల యూనిఫాం ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించుకుని కూర్చున్న పైలట్. అతన్నే రిజర్వ్ పైలట్ అంటారు. ఆ కాల్ వస్తే మన ఫ్లైట్ కదులుతుంది, లేదంటే రద్దవుతుంది.

అయితే ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అమెరికాలో ఇలాంటి పైలట్లలో చాలామంది తాము పనిచేసే ఊళ్లో ఉండరు. ఫ్లోరిడాలో ఇల్లు, న్యూజెర్సీలో డ్యూటీ. డ్యూటీకి వెళ్లాలంటే ముందు వేరే విమానం ఎక్కాలి, అది కూడా సీటు ఖాళీ ఉంటేనే. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, డాలస్ లాంటి చోట్ల రోజూ ఎక్కే విమానాల వెనక కూడా ఇదే కథ. అసలు ఈ సిస్టమ్ ఎలా నడుస్తుంది? పైలట్లు ఎంత అలసిపోతారు? ప్రయాణికుల భద్రతకు దీంతో సంబంధం ఏంటి? వివరంగా చూద్దాం.

రిజర్వ్ అంటే ఏంటి?

ఎయిర్‌లైన్‌లో పైలట్లు రెండు రకాలు. మొదటి రకం 'లైన్ హోల్డర్'. నెల మొదలయ్యే ముందే అతని చేతిలో షెడ్యూల్ ఉంటుంది. ఏ తేదీన ఎక్కడికి వెళ్లాలి, ఏ హోటల్‌లో ఆగాలి, ఎప్పుడు ఇంటికి రావాలి.. అన్నీ ముందే తెలుసు. కూతురి పుట్టినరోజుకు ఇంట్లో ఉంటాడో లేదో ఇప్పుడే చెప్పేయగలడు.

రెండో రకం రిజర్వ్. ఇతనికి ముందే ఇచ్చే ఫ్లైట్లంటూ ఏమీ ఉండవు, ఖాళీ తేదీలే ఉంటాయి. 'ఈ రోజుల్లో నువ్వు మాకు అందుబాటులో ఉండాలి' అని మాత్రమే చెబుతారు. ఎవరికైనా జ్వరం వస్తే, తుపానుతో సర్వీసులు అటూఇటూ అయితే, ముందు డ్యూటీ లేటై ఒక పైలట్‌కు గంటలు అయిపోతే.. ఆ ఖాళీలో ఇతన్ని పంపిస్తారు.

మన రైల్వేలో పనిచేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. విజయవాడ, కాజీపేట, గుంతకల్ లాంటి చోట్ల లోకో పైలట్ల ఇళ్లల్లో 'కాల్' అనే మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎప్పుడు కాల్ వస్తుందో తెలియదు, వస్తే బయల్దేరాలి. సగం అన్నంలో లేచి వెళ్లిన నాన్నలు ఎంతమందో. విమాన పైలట్ల రిజర్వ్ కూడా దాదాపు అలాంటిదే. తేడా ఏంటంటే, లోకో పైలట్‌కు బయట ఊరు వెళ్తే రైల్వే రన్నింగ్ రూమ్ ఉంటుంది. వేరే ఊరి నుంచి వచ్చే రిజర్వ్ పైలట్ మాత్రం తన బేస్‌లో తల దాచుకునే చోటు తనే చూసుకోవాలి.

రిజర్వ్‌లో మూడు రకాలు

అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్.. అంటే ఎఫ్ఏఏ.. రూల్స్‌లో రిజర్వ్‌ను మూడు రకాలుగా విడదీశారు.

• ఎయిర్‌పోర్ట్ రిజర్వ్: నేరుగా ఎయిర్‌పోర్టులోనే కూర్చోవాలి. ఫ్లైట్ ఎక్కినా ఎక్కకపోయినా కూర్చున్న ప్రతి నిమిషం డ్యూటీ కిందే లెక్క.

• షార్ట్ కాల్: ఇంట్లోనో రూమ్‌లోనో ఉండొచ్చు. కానీ పిలిస్తే తక్కువ టైమ్‌లో రిపోర్ట్ చేయాలి. ఎంత టైమ్ అనేది కంపెనీకి, పైలట్ల యూనియన్‌కు ఉన్న ఒప్పందాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల దాదాపు రెండు గంటలు. ఇలా ఫోన్ కోసం కాచుకునే టైమ్ ఒక విడతకు 14 గంటలు మించకూడదు.

• లాంగ్ కాల్: కాస్త నయం. ముందుగా చెప్పి, కనీస విశ్రాంతి టైమ్ ఇచ్చాకే డ్యూటీ వేస్తారు. చాలా ఒప్పందాల్లో ఇది 12 గంటలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. ఇంటి నుంచే కాచుకోవచ్చు, కాల్ వచ్చాక బయల్దేరొచ్చు.

వేరే ఊళ్లో ఉండే పైలట్‌కు లాంగ్ కాల్ దొరికితే పండగే. షార్ట్ కాల్ పడిందంటే మాత్రం కాల్ వచ్చినా రాకపోయినా బేస్‌కు వెళ్లి కూర్చోవాల్సిందే. ఎందుకంటే ఫ్లోరిడా నుంచి నెవార్క్‌కు రెండు గంటల్లో చేరుకుని యూనిఫాంలో నిలబడటం జరిగే పని కాదు.

లాంగ్ కాల్‌లో కూడా ఒక మెలిక ఉంది. కంపెనీ అవసరాన్ని బట్టి లాంగ్ కాల్‌ను షార్ట్ కాల్‌గా మార్చొచ్చు. అలా మార్చేటప్పుడు మధ్యలో 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. పేపర్ మీద అది విశ్రాంతే. వేరే ఊళ్లో ఉన్న పైలట్‌కు మాత్రం ఆ 10 గంటల్లోనే బ్యాగ్ సర్దుకోవాలి, ఎయిర్‌పోర్టుకు పోవాలి, ఫ్లైట్ పట్టుకోవాలి, బేస్‌కు చేరాలి. మిగిలిన టైమ్‌లో నిద్ర.

బేస్ దగ్గరే ఇల్లు తీసుకోవచ్చు కదా?

ఎవరికైనా మొదట వచ్చే డౌట్ ఇదే. కానీ అంత ఈజీ కాదు.

ఎయిర్‌లైన్ పైలట్ జీవితాన్ని నడిపేది ఒకే ఒక్క నంబర్, సీనియారిటీ నంబర్. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి అది వస్తుంది. ఏ ఊరు బేస్‌గా దొరుకుతుంది, ఏ విమానం నడుపుతారు, సెలవు ఎప్పుడు, షెడ్యూల్ వస్తుందా లేక రిజర్వ్‌లో ఉండాలా.. అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. కొత్తగా చేరినవాళ్లు లిస్టులో అట్టడుగున ఉంటారు. సీనియర్లు వద్దనుకున్న బేస్ వీళ్లకు వస్తుంది. ఖర్చు ఎక్కువగా ఉండే న్యూయార్క్ ఏరియా చాలా కంపెనీల్లో ఇలా జూనియర్ల వాటాకే పడుతుంది.

పోనీ అక్కడికే మారిపోదాం అనుకుంటే, బేస్ అక్కడే ఉంటుందన్న గ్యారంటీ లేదు. సెయింట్ లూయిస్‌నే తీసుకోండి. ఒకప్పుడు అది ట్వా ఎయిర్‌లైన్స్ హబ్. 2001లో ట్వాను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొనేసింది. 2003లో అక్కడి సర్వీసులను బాగా తగ్గించేసింది. పిట్స్‌బర్గ్‌లో యూఎస్ ఎయిర్‌వేస్ హబ్‌కు కూడా 2004లో ఇదే గతి పట్టింది. ఆ ఊళ్లను నమ్ముకుని ఇల్లు కొనుక్కున్న పైలట్ ఏం చేయాలి? భార్యకో భర్తకో అక్కడే ఉద్యోగం, పిల్లలకు అక్కడే స్కూల్, తల్లిదండ్రులు అక్కడే. అందుకే 'ఇల్లు కదలదు, నేనే కదులుతా' అనుకుంటారు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. పదేళ్లు కష్టపడి కో-పైలట్‌గా మంచి షెడ్యూల్ సంపాదించుకున్న వ్యక్తికి కెప్టెన్ ప్రమోషన్ వస్తే, కెప్టెన్ల లిస్టులో మళ్లీ అట్టడుగుకు చేరతాడు. అంటే జీతం పెరుగుతుంది, కానీ మళ్లీ రిజర్వ్‌లోకి, మళ్లీ దూరపు బేస్‌కు! ఈ ఒక్క కారణంతో ప్రమోషన్ వద్దనుకుని కో-పైలట్‌గానే కొనసాగేవాళ్లు కూడా ఉన్నారు.

జంప్‌సీట్.. ఫ్రీనే, కానీ నమ్మకం లేదు

మరి బేస్‌కు ఎలా వెళ్తారు? ప్రతిసారీ టికెట్ కొంటే జీతం చాలదు. అందుకే రెండు దార్లున్నాయి. ఒకటి, క్యాబిన్‌లో ఖాళీ సీటు మిగిలితే స్టాఫ్ కోటాలో కూర్చోవడం. రెండోది జంప్‌సీట్. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే మడత సీటు అది. వేరే ఎయిర్‌లైన్ పైలట్ అయినా సరే అడగొచ్చు. కంప్యూటర్ సిస్టమ్‌లో అతని ఉద్యోగం నిజమా కాదా అని గేటు సిబ్బంది చెక్ చేస్తారు. ఆ తర్వాత ఆ విమానం కెప్టెన్ పర్మిషన్ ఇవ్వాలి. కెప్టెన్ దగ్గరకు స్వయంగా వెళ్లి, తనను తాను పరిచయం చేసుకుని, మర్యాదగా అడగడం ఈ ఫీల్డ్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

సమస్య ఏంటంటే, ఆ సీట్లు ఒకటో రెండో ఉంటాయి. ఆదివారం సాయంత్రం, పండగ ముందు రోజు అయితే ఒకే జంప్‌సీట్ కోసం నలుగురైదుగురు పైలట్లు వచ్చేస్తారు. ఎవరికి ఇవ్వాలనేది ఆ ఎయిర్‌లైన్ పద్ధతి. సొంత కంపెనీ పైలట్లకు సాధారణంగా మొదటి ఛాన్స్. ఎండలు మండే రోజో, బరువు ఎక్కువైన రోజో, ఖాళీ సీటు కనిపిస్తున్నా 'వెయిట్ లిమిట్' అని ఎక్కనివ్వరు.

అందుకే అనుభవం ఉన్న పైలట్ ఒక ఫ్లైట్‌ను నమ్ముకోడు. డ్యూటీ మధ్యాహ్నం అయితే ఉదయం ఫ్లైట్ పట్టుకుంటాడు, అది దొరక్కపోతే ఇంకోటి ఉండేలా చూసుకుంటాడు. చాలా ఒప్పందాల్లో 'కమ్యూటర్ క్లాజ్' అని ఒక రూల్ ఉంటుంది. టైమ్‌కు చేరగలిగే ఫ్లైట్లు కనీసం రెండు ఎంచుకుని ప్రయత్నించి, అవి ఫెయిలైతే పైలట్ మీద చర్య ఉండదు. అయితే అందరికీ, అన్ని సందర్భాల్లో ఇది వర్తించదు. రెండు ఫ్లైట్లూ మిస్ అయితే టికెట్ కొనడమో, రాత్రంతా కారు నడపడమో!

క్రాష్ ప్యాడ్.. ఒకే ఇంట్లో పదిమంది పైలట్లు

బేస్‌కు చేరాక ఎక్కడ ఉండాలి? ప్రతి రాత్రి హోటల్ అంటే ఖర్చు తడిసి మోపెడు. అందుకే ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక ఇల్లో అపార్ట్‌మెంటో పదిమంది కలిసి అద్దెకు తీసుకుంటారు. దీన్నే 'క్రాష్ ప్యాడ్' అంటారు. పేరులో క్రాష్ ఉంది కదా అని కంగారు పడకండి. అలసిపోయి దబ్బున పడి నిద్రపోయే చోటు అని అర్థం.

న్యూయార్క్ క్వీన్స్‌లో క్యూ గార్డెన్స్ అనే ఏరియా ఉంది. జేఎఫ్‌కే, లగార్డియా ఎయిర్‌పోర్టులు రెండింటికీ దగ్గర. అక్కడ పైలట్లు, ఫ్లైట్ అటెండెంట్లు ఎంతమంది ఉంటారంటే, సరదాగా దాన్ని 'క్రూ గార్డెన్స్' అని పిలుస్తారు.

లోపల ఎలా ఉంటుంది? మన అమీర్‌పేట హాస్టల్ గుర్తు తెచ్చుకోండి. గదికి రెండు మూడు బంక్ బెడ్లు, కర్టెన్లు, ఫ్రిజ్‌లో పేర్లు రాసిన డబ్బాలు. ఇందులోనూ రెండు రకాలు. 'కోల్డ్ బంక్' అంటే ఆ మంచం మీదే, మీరు లేనప్పుడు కూడా ఎవరూ పడుకోరు. 'హాట్ బంక్' అంటే ఏది ఖాళీగా ఉంటే దాంట్లో దుప్పటి పరుచుకోవాలి. దాని అద్దె తక్కువ. పగలైనా రాత్రైనా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు, తలుపు మెల్లగా వేయాలి.

అయితే ఎంత జాగ్రత్తగా ఉన్నా పక్క బంక్‌లో తెల్లవారుజామున 3 గంటలకు అలారం మోగుతుంది. ఇంట్లో పడుకున్న నిద్రా, ఇక్కడ పడుకున్న నిద్రా ఒకటి కాదు.

రూల్ ప్రకారం ఓకే.. మరి శరీరం సంగతి?

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. కాస్త లెక్క చూడండి. ఇది ఒక ఊహించిన ఉదాహరణ మాత్రమే, కానీ రూల్స్ మాత్రం నిజమైనవే.

ఒక పైలట్ ఇల్లు ఫ్లోరిడాలో, బేస్ నెవార్క్‌లో. మధ్యాహ్నం 12 నుంచి అతని షార్ట్ కాల్ మొదలు.

• ఉదయం 3 గంటలకు నిద్ర లేచాడు.
• 6 గంటల ఫ్లైట్‌లో జంప్‌సీట్ దొరికింది.
• 9 గంటలకు నెవార్క్‌లో దిగాడు. 10 గంటలకు క్రాష్ ప్యాడ్ చేరాడు. పగలు, పైగా టెన్షన్, నిద్ర పట్టలేదు.
• 12 గంటలకు రిజర్వ్ మొదలైంది. మధ్యాహ్నమంతా ఫోన్ రాలేదు.
• సాయంత్రం 6 గంటలకు కాల్ వచ్చింది. 8 గంటలకు రిపోర్ట్ చేయాలి, రెండు ఫ్లైట్లు నడపాలి.

రూల్ ఏం చెబుతుంది? ఇద్దరే పైలట్లు ఉండే విమానంలో, రిజర్వ్ మొదలైనప్పటి నుంచి లెక్కపెడితే రిజర్వ్ టైమ్, ఫ్లైట్ డ్యూటీ కలిపి గరిష్ఠంగా 16 గంటలు. లేదా ఆ డ్యూటీకి టేబుల్‌లో ఇచ్చిన గంటలకు 4 కలిపితే వచ్చేది. రెండింట్లో ఏది తక్కువైతే అది. ఇక్కడ రెండు రకాలుగా చూసినా 16 గంటలే వస్తుంది. అంటే తెల్లవారుజామున 4 గంటల వరకు అతను డ్యూటీలో ఉండొచ్చు.

కానీ అతను లేచింది ఉదయం 3కి. అంటే దాదాపు 25 గంటలు కంటి మీద కునుకు లేకుండా ల్యాండింగ్ చేసే పరిస్థితి!

మరి డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రపోయే వీలు ఉండాలనే రూల్ ఉంది కదా? ఉంది. కంపెనీ కూడా ఇచ్చింది. రాత్రి 2 నుంచి మధ్యాహ్నం 12 వరకు అతన్ని ఎవరూ పిలవలేదు, ఏ పనీ చెప్పలేదు. చట్టం దృష్టిలో అది విశ్రాంతే. ఆ టైమ్‌లో అతను నిద్రపోయాడా, విమానంలో మడత సీటు మీద కూర్చున్నాడా అనేది కంపెనీ లెక్కలోకి రాదు. కంపెనీ పంపితే చేసే ప్రయాణం విశ్రాంతి కింద రాదు. సొంతంగా ఇంటి నుంచి బేస్‌కు వచ్చే ప్రయాణం మాత్రం పైలట్ సొంత టైమ్.

అందుకే బాధ్యతగా ఉండే పైలట్లు ముందు రోజు రాత్రికే బేస్‌కు చేరిపోతారు. అలా చేస్తే ఇంట్లో గడపాల్సిన ఒక రోజు పోతుంది. నెలలో నాలుగు సార్లు ఇలా వచ్చి వెళ్తే, ఆఫ్ రోజుల్లో సగం ప్రయాణాలకే సరిపోతుంది.

50 మంది ప్రాణాలు పోయాక..

ఈ చర్చ ఎప్పటి నుంచో ఉన్నా, దేశం మొత్తం దీని గురించి మాట్లాడింది 2009లో.

2009 ఫిబ్రవరి 12 రాత్రి. నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ 3407 విమానం ల్యాండింగ్‌కు ముందు అదుపు తప్పి ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మంది, ఆ ఇంట్లో ఒకరు.. మొత్తం 50 మంది చనిపోయారు.

నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు చేసింది. విమానం వేగం పడిపోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయాల్సిన దానికి పూర్తి వ్యతిరేకంగా స్పందించడమే ప్రధాన కారణమని తేల్చింది. అయితే దర్యాప్తులో ఇంకో విషయం బయటపడింది. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో. ముందు రాత్రి నెవార్క్ ఎయిర్‌పోర్టులోని సిబ్బంది గదిలోనే గడిపారు. కో-పైలట్ సియాటిల్ ఏరియా నుంచి రాత్రంతా కార్గో విమానాల్లో మెంఫిస్ మీదుగా ప్రయాణించి ఆ రోజు ఉదయమే నెవార్క్‌లో దిగారు. ప్రమాదం జరిగింది అదే రోజు రాత్రి 10 దాటాక.

అలసట వల్ల ఇద్దరి పనితీరు దెబ్బతిని ఉండొచ్చని, కానీ ఎంతమేరకు అనేది కచ్చితంగా చెప్పలేమని బోర్డు రాసింది. నెవార్క్ బేస్‌లో ఆ కంపెనీకి ఉన్న 137 మంది పైలట్లలో 93 మంది వేరే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లే అని కూడా తేలింది. వాళ్లలో 29 మంది ఇళ్లు వెయ్యి మైళ్లకు పైగా దూరంలో ఉన్నాయి.

చనిపోయినవారి కుటుంబాలు ఊరుకోలేదు. వాషింగ్టన్ చుట్టూ తిరిగి ఒత్తిడి తెచ్చాయి. 2010 ఆగస్టు 1న కొత్త విమాన భద్రతా చట్టం వచ్చింది. దాని ఆధారంగా ఎఫ్ఏఏ తెచ్చిన 'పార్ట్ 117' రూల్స్ 2014 జనవరి 4 నుంచి అమల్లోకి వచ్చాయి. పైన చెప్పుకున్న 10 గంటల విశ్రాంతి, 14 గంటల రిజర్వ్ లిమిట్, 16 గంటల లెక్క.. అన్నీ ఇందులోవే. వారంలో ఏదో ఒకచోట వరుసగా 30 గంటల పూర్తి విరామం కూడా ఇవ్వాలి. అయితే ఇవి ప్యాసింజర్ విమానాలకే. కార్గో కంపెనీలను తప్పనిసరి జాబితా నుంచి వదిలేశారు.

మరి కమ్యూట్ గురించి ఏం రూల్ పెట్టారు?

నేరుగా ఏమీ పెట్టలేదు! 'ఇన్ని మైళ్ల లోపే ఉండాలి', 'ఇన్ని గంటల ముందే రావాలి' అనే లిమిట్ లేదు.

చట్టం చేసినప్పుడు దీని మీద స్టడీ చేయమని నేషనల్ అకాడమీకి అప్పగించారు. 2011లో రిపోర్ట్ వచ్చింది. కమ్యూట్‌ను రూల్‌తో కట్టడి చేయడానికి సరిపడా డేటా లేదని అందులో చెప్పారు. దూరాన్ని బట్టి అలసట ఎంతో చెప్పలేం అన్నారు. నిజమే కదా.. వెయ్యి మైళ్లు విమానంలో ముందు రోజే వచ్చి హాయిగా పడుకున్న పైలట్, ట్రాఫిక్‌లో రెండు గంటలు కారు నడిపి వచ్చిన పైలట్ కన్నా ఫ్రెష్‌గా ఉండొచ్చు. పైలట్లకు మాత్రం ఆ రిపోర్ట్ ఒక సలహా ఇచ్చింది. డ్యూటీ ముగిసే టైమ్‌కు మెలకువగా ఉన్నది 16 గంటలు దాటకుండా ప్లాన్ చేసుకోవాలి, డ్యూటీకి ముందు కనీసం 6 గంటలు నిద్రపోవాలి.

ఇప్పుడున్న రూల్స్‌లో కమ్యూట్ అనే మాట వచ్చేది ట్రైనింగ్ దగ్గర. అలసట మీద ఏటా ఇచ్చే శిక్షణలో కమ్యూట్ ప్రభావం గురించి తప్పకుండా చెప్పాలి. దాంతోపాటు ప్రతి ఫ్లైట్‌కు ముందు పైలట్ 'నేను డ్యూటీకి ఫిట్' అని స్వయంగా ధ్రువీకరించాలి. అలసిపోయానని పైలట్ చెబితే కంపెనీ అతన్ని పంపకూడదు.

చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ మాట చెప్పాల్సింది ఎవరు? సాయంత్రం 6 గంటలకు ఫోన్ ఎత్తిన అదే పైలట్. బహుశా ప్రొబేషన్‌లో ఉన్న కొత్త పైలట్. 'నిద్ర చాల్లేదు' అంటే, 'మరి ముందే ఎందుకు రాలేదు?' అని అడుగుతారేమో, జీతం కట్ అవుతుందేమో అనే భయం. అలసట రిపోర్ట్ చేస్తే శిక్ష ఉండకూడదనే విధానాలు కంపెనీల్లో ఉన్నాయి. అయితే ఆ అలసటకు కారణం కంపెనీ షెడ్యూలా, పైలట్ సొంత ప్రయాణమా అనేదాన్ని బట్టి జీతం విషయంలో తేడా వచ్చే ఒప్పందాలూ ఉన్నాయి. ఇక్కడే అసలు చిక్కు.

నిద్ర లేకపోతే ఎంత ప్రమాదం?

1997లో 'నేచర్' జర్నల్‌లో ఆస్ట్రేలియా పరిశోధకుల స్టడీ ఒకటి వచ్చింది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోయింది. 24 గంటలకు అది దాదాపు 0.10 శాతానికి చేరింది.

ఇప్పుడు పోల్చి చూడండి. అమెరికాలో 0.04 శాతం ఆల్కహాల్ ఉంటేనే పైలట్ విమానం నడపడానికి వీల్లేదు. మద్యాన్ని మెషీన్ పట్టేస్తుంది. నిద్రలేమిని పట్టే మెషీన్ గేటు దగ్గర లేదు. పైగా అలసిన మనిషికి తాను ఎంత అలసిపోయాడో సరిగ్గా తెలియదు.

మానవ శరీరం తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య బాగా మందకొడిగా ఉంటుంది. అందుకే లాంగ్ కాల్ పైలట్‌కు ఆ టైమ్‌ను తాకే డ్యూటీ వేయాలంటే 12 గంటల ముందే చెప్పాలని రూల్ పెట్టారు.

కాల్ రాకపోయినా అలసటే!

ఫోన్ మోగకపోతే హాయే కదా అనుకుంటాం. కానీ రిజర్వ్ డ్యూటీలో అసలు భారం ఎదురుచూపే. స్నానానికి వెళ్లినా ఫోన్ పక్కనే ఉండాలి. సినిమాకు వెళ్దామంటే మధ్యలో కాల్ వస్తుందేమో. మధ్యాహ్నం కాసేపు పడుకుందామంటే, పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, పడుకోకపోతే రాత్రి డ్యూటీ వస్తే కష్టం. ఏ టైమ్‌కు నిద్రపోవాలో తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద సమస్య.

డబ్బు విషయానికొస్తే, రిజర్వ్ పైలట్‌కు నెలకు కనీస గ్యారంటీ ఉంటుంది. చాలాచోట్ల ఇది 70 నుంచి 75 గంటల జీతం. ఒక్క ఫ్లైట్ నడపకపోయినా అది వస్తుంది. బేస్ దగ్గరే ఇల్లు ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి బేరం. ఇంట్లో కూర్చుని జీతం! అందుకే సీనియర్లలో కొందరు కావాలనే రిజర్వ్ కోరుకుంటారు. అదే రిజర్వ్ వేరే ఊరి పైలట్‌కు మాత్రం క్రాష్ ప్యాడ్ అద్దె, బయటి తిండి, ఇంటికి దూరం. కాల్ రాని ఐదు రోజులు బంక్ మీద పడుకుని, వీడియో కాల్‌లో పిల్లల హోంవర్క్ చూసుకోవడమే.

ఆఖరి రోజు ఇంకో టెన్షన్. రిజర్వ్ రాత్రి 8 దాకా ఉంటే, ఇంటికి వెళ్లే చివరి ఫ్లైట్ 8.15కి ఉంటే? అది పోయినట్టే. మర్నాడు ఉదయం దాకా ఆగాలి. అంటే ఒక ఆఫ్ రోజులో సగం గోవిందా. అందుకే పని లేకపోతే కాస్త ముందే వదిలేయమని షెడ్యూలింగ్‌కు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఒక్కోసారి వదులుతారు, ఒక్కోసారి వదలరు.

పైలట్లు ఎలా మేనేజ్ చేస్తారు?

• వీలైతే లాంగ్ కాల్‌కే బిడ్ వేస్తారు.
• రిజర్వ్ రోజులను ఒకే వరుసలో వచ్చేలా కోరుకుంటారు. అలా అయితే నెలలో ప్రయాణాలు తగ్గుతాయి.
• బేస్‌కు ముందు రోజే చేరతారు. ఎప్పుడూ బ్యాకప్ ఫ్లైట్ చూసుకుంటారు.
• ఇంటి నుంచి నేరుగా ఫ్లైట్ ఉన్న బేస్‌నే ఎంచుకుంటారు. రెండు ఫ్లైట్లు మారాలంటే కష్టం రెట్టింపు.
• ఇష్టమైన బేస్‌లో ఎన్నేళ్లకు షెడ్యూల్ దొరుకుతుందో లెక్క చూసుకుని, అది తేలాకే ఇల్లు కొంటారు.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఇండియాలో పైలట్ల డ్యూటీ టైమ్‌లను డీజీసీఏ నిర్ణయిస్తుంది. ఇక్కడ కూడా స్టాండ్‌బై ఉంది, ఎయిర్‌పోర్టులోనో ఇంట్లోనో. స్పేర్ పైలట్లు సరిపడా లేకపోతే ఏమవుతుందో 2025 డిసెంబర్‌లో అందరం చూశాం. వారానికి విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లను తగ్గిస్తూ డీజీసీఏ తెచ్చిన కొత్త రూల్స్ 2025 జులై 1, నవంబర్ 1 తేదీల్లో రెండు దశలుగా అమల్లోకి వచ్చాయి. దానికి తగ్గట్టు ఇండిగో సిబ్బందిని సిద్ధం చేసుకోలేకపోయింది. డిసెంబర్ మొదటి వారంలో దేశవ్యాప్తంగా వేల సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లో కూడా ప్రయాణికులు గంటల తరబడి పడిగాపులు కాశారు. చివరకు కొన్ని రూల్స్ నుంచి ఇండిగోకు తాత్కాలిక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

అమెరికా అయినా ఇండియా అయినా విషయం ఒక్కటే. రిజర్వ్‌లో తగినంత మంది పైలట్లు ఉండాలి. ఆ ఉన్నవాళ్లు నిద్రపోయి ఉండాలి. మొదటిది కంపెనీ చేతిలో ఉంది. రెండోది సగం కంపెనీ చేతిలో, సగం పైలట్ చేతిలో.

క్విక్‌గా నాలుగు ప్రశ్నలు

రిజర్వ్ పైలట్ అంటే అనుభవం లేనివారా?
కాదు. అందరికీ ఒకే లైసెన్స్, ఒకే ట్రైనింగ్, ఒకే పరీక్షలు. కంపెనీ సీనియారిటీలో కింద ఉన్నారంతే. వేరే చోట వేల గంటలు నడిపి వచ్చినవారు కూడా కొత్త కంపెనీలో మొదట రిజర్వ్‌లోనే ఉంటారు.

పైలట్ టైమ్‌కు రాలేదంటే నిర్లక్ష్యమేనా?
ఎప్పుడూ కాదు. చాలాసార్లు ముందు ఫ్లైట్ లేటై, మొదటి పైలట్‌కు డ్యూటీ గంటలు అయిపోతాయి. అప్పుడు రిజర్వ్‌ను పిలుస్తారు. అతను రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది.

గంటలు అయిపోయినా ఇంకొంచెం సేపు నడపొచ్చు కదా?
ఊహించని పరిస్థితుల్లో కొద్దిసేపు పొడిగించడానికి అమెరికా రూల్స్‌లో వీలుంది. కానీ పైలట్ ఒప్పుకోవాలి, దానికీ లిమిట్ ఉంది.

'అలసిపోయాను' అని పైలట్ తప్పుకుంటే ఏమనుకోవాలి?
ఫ్లైట్ లేటవుతుంది, కోపం వస్తుంది, సహజం. కానీ ఆ రాత్రి తాను నడపకూడదని నిజాయితీగా చెప్పిన పైలట్ మీ వల్ల లాభపడలేదు, మీరే అతని వల్ల లాభపడ్డారు.